హల్లులు రాలిపోయే గోడ: ఒక వినికిడి ప్రచారం వెనక జరిగిన పని

ఆరు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న ఎల్‌ఈడీ గోడ. దాని మీద ఇళ్ళల్లో రోజూ మాట్లాడుకునే మాటలు కుడి నుంచి ఎడమకు నెమ్మదిగా పారుతుంటాయి. మీరు దాని ముందు నుంచి నడిస్తే మీ నీడ అందులో పడుతుంది. ఆ నీడలోకి వచ్చిన అక్షరాల్లో కొన్ని హల్లులు కరిగిపోతాయి, వాటి గుణింతపు గుర్తులు మాత్రం గాల్లో మిగులుతాయి. "తాతా, ఇటు చూడు" అన్న వాక్యం మీ ఛాతీ మీదికి వచ్చేసరికి "ఆఆ ఇఉ ఊడు" అవుతుంది. నీడ దాటాక మళ్ళీ మామూలే. చెవి వెనక చెయ్యి ఆనిస్తే పోయిన హల్లులు తిరిగి వస్తాయి. అన్నీ రావు, అర్థం కావడానికి సరిపడా వస్తాయి.

వినికిడి పరీక్షలు చేసే ఒక సంస్థ కోసం చేసిన ప్రకటన ఇది. జనం ఎక్కువగా నడిచే ఒక పెద్ద హాల్లో పది రోజులు నడిచింది. నేను ఇందులో క్రియేటివ్ టెక్నాలజిస్ట్‌ని. అంటే ఊహను పనిచేసే యంత్రంగా మార్చడం నా పని. ఐడియా తేలిన రోజు నుంచి కెమెరాలు విప్పేసిన రాత్రి దాకా ఉన్నాను. క్లయింట్ పేరు, ఏజెన్సీ పేరు రాయడం లేదు. అపాయింట్‌మెంట్ల లెక్కలు వాళ్ళ సొంతం కాబట్టి అవీ ఉండవు. ఎక్కడ తప్పాం, దేన్ని ఎందుకు మార్చాం అన్నది మాత్రం దాచకుండా రాస్తాను. తెలుగు లిపితో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకి ఈ చిక్కులన్నీ మళ్ళీ ఎదురవుతాయి.

చెవి బొమ్మ నుంచి గుణింతం దాకా

ఏజెన్సీ వాళ్ళు మొదట తెచ్చిన ఐడియా ఒక పెద్ద చెవి బొమ్మ. దగ్గరికొచ్చి అరిస్తే మీటరు పైకి లేస్తుంది. సరదాగానే ఉంటుంది, జనం ఫోన్లో తీసుకుంటారు కూడా. కానీ దానికీ వినికిడి లోపానికీ ఏ సంబంధమూ లేదు. పైగా అలాంటి హాల్లో మైకు పెడితే పక్కవాళ్ళ మాటలూ అనౌన్స్‌మెంట్లూ కలిసిపోయి మీటరు ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఇలాంటి మీటింగుల్లో తరచూ చూపించే ఉదాహరణలు రెండు ఉన్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2013లో లండన్ పికడిలీ సర్కస్ దగ్గర పెట్టిన డిజిటల్ హోర్డింగ్ ఒకటి. పైన నిజంగా విమానం వెళ్తున్నప్పుడు, హోర్డింగ్‌లోని చిన్న పిల్లవాడు లేచి దాన్ని వేలితో చూపిస్తాడు. అది ఏ ఊరి నుంచి వస్తున్న విమానమో పక్కన కనిపిస్తుంది. రెండోది 2015లో విమెన్స్ ఎయిడ్ సంస్థ లండన్‌లోనే పెట్టిన తెర. అందులో గాయాలతో ఉన్న ఒక స్త్రీ ముఖం ఉంటుంది. ఎంతమంది తన వైపు చూస్తున్నారో కెమెరా లెక్కపెడుతుంది, చూసేవాళ్ళు పెరిగేకొద్దీ గాయాలు మానుతాయి. గృహహింసను చూసి తల తిప్పుకోవద్దు అన్నదే ఆ ప్రచారం మాట. "ఇలాంటిది కావాలి" అని అందరూ అడుగుతారు. నేను ఆ రెంటిలో చూసేది ఒకటే. యంత్రం చేసే పనీ ప్రకటన చెప్పే మాటా వాటిలో విడివిడిగా లేవు. విమానం నిజంగా పైన లేకపోతే ఆ పిల్లవాడు లేవడు. చెవి బొమ్మలో ఆ ముడి లేదని చెప్పాను.

దాంతో క్లయింట్ తమ ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు) మేడమ్‌ని మా దగ్గర కూర్చోబెట్టారు. ఈ ప్రాజెక్టుకి దిశ దొరికింది ఆ మధ్యాహ్నమే. "వినపడట్లేదని ఎవరూ రారండీ" అన్నారు ఆమె. "వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియట్లేదు అంటారు. మా ఇంట్లో అందరూ నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు అంటారు. అసలు వచ్చేదే పిల్లలు బలవంతం చేస్తే."

కారణం కూడా ఆమే చెప్పారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో, మొదట్లో ఉన్న కణాలు ఎక్కువ ఫ్రీక్వెన్సీ (సన్నటి, కీచు) శబ్దాలను పట్టుకుంటాయి, లోపలి కొసన ఉన్నవి తక్కువ ఫ్రీక్వెన్సీవి. వయసుతో వచ్చే లోపంలో ముందు దెబ్బతినేది ఆ మొదటి భాగమే. మాటలో అచ్చుల బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, ఫ లాంటి ఊదే హల్లుల బలం చాలా పైన, కొన్నిటికి 4000 హెర్ట్జ్ దాటాక ఉంటుంది. అందుకే గొంతు వినిపిస్తుంది, మాట అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం చికిత్సో సహాయమో అవసరమైన స్థాయిలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు ప్రపంచంలో 43 కోట్లకు పైనే. వాళ్ళలో ఎంతోమందికి అది చెవి సమస్య అని తట్టదు, ఎదుటివాళ్ళు సరిగ్గా మాట్లాడట్లేదని అనుకుంటారు.

ఆమె మాట్లాడుతుంటే మా కాపీరైటర్ కాగితం మీద "ఇసుక" అనీ "ఇటుక" అనీ రాసి, రెంటిలోనూ హల్లులు కొట్టేసి నా వైపు తోశాడు. రెండూ "ఇఉఅ" అయ్యాయి. కాలు, పాలు, చాలు, మూడూ "ఆఉ" అయ్యాయి. తెలుగు అజంత భాష, దాదాపు ప్రతి పదమూ అచ్చుతోనే ముగుస్తుంది. హల్లులు పోయినా మాట పొడవు తగ్గదు, ఊపు తగ్గదు, పాట లాంటి ధ్వని అంతా మిగులుతుంది. వినే మనిషికి పూర్తిగా విన్నట్టే ఉంటుంది.

ఆ కాగితం చూస్తుంటే ఇంకోటి తోచింది. రోమన్ లిపిలో అచ్చూ హల్లూ పక్కపక్కన ఒకే ఎత్తులో నిలబడతాయి, హల్లు తీసేస్తే ఖాళీ మిగులుతుంది అంతే. మన లిపిలో అచ్చు ఒక గుర్తుగా హల్లును పట్టుకుని ఉంటుంది. గుడి, కొమ్ము, ఏత్వం, తలకట్టు. హల్లును మాయం చేస్తే ఆ గుర్తు ఆధారం లేక వేలాడుతుంది. వినికిడి లోపం ఎలా ఉంటుందో మన లిపి బొమ్మ గీసి ఇచ్చినట్టే. అక్కడితో చెవి బొమ్మ పక్కకు పోయింది. శబ్దమే వద్దనుకున్నాం.

పారే అక్షరాలు, మనిషి నీడ అనగానే ఈ రంగం తెలిసినవాళ్ళకు 1999లో కామిల్ అట్టర్‌బ్యాక్, రోమీ అకిటూవ్ చేసిన 'టెక్స్ట్ రెయిన్' గుర్తొస్తుంది. అందులో ఒక కవిత అక్షరాలు వానలా పడుతూ చూసేవాళ్ళ చేతుల మీద, భుజాల మీద ఆగుతాయి. ఆ పని లేకపోతే మాకు ఈ ఊహ వచ్చేది కాదు. క్లయింట్‌కి మొదటి రోజే ఈ మాట చెప్పి, స్లైడులో రాసి పెట్టాం. ఎవరి భుజం మీద నిలబడ్డామో చెప్పకుండా ప్రకటనలు అమ్మడం నాకు ఇష్టం ఉండదు.

అన్ని హల్లులూ పోవు

రెండు రోజుల్లో తయారైన మా మొదటి డెమోలో నీడ పడ్డచోట హల్లులన్నీ పోయాయి. చూడటానికి చాలా బాగుంది. మేడమ్ ఒక్క నిమిషం చూసి, "ఇలా ఎవరికీ జరగదండీ" అన్నారు. మ, న, ల, ర, య, వ లాంటి హల్లులు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటాయి, చాలాకాలం నిలబడతాయి. నాదం ఉన్న గ, డ, బ కొంత నయం. ముందు పోయేవి స, శ, ష, ఫ. తర్వాత చ, త, ట, క, ప. "మామయ్య" అన్న మాట లోపం ఉన్నవాళ్ళకీ చక్కగా అందుతుంది. "శాస్త్రి" అన్న పేరు జారిపోతుంది.

టీమ్‌లో కొందరు "చూసేవాళ్ళకు ఇంత తేడా తెలుస్తుందా?" అన్నారు. తెలియకపోవచ్చు. కానీ ఆ గోడ ముందు నిలబడేవాళ్ళలో లోపం ఉన్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళ అనుభవాన్ని తప్పుగా చూపిస్తే వాళ్ళకు మాత్రం వెంటనే తెలుస్తుంది. హల్లులను మూడు గుంపులు చేశాం. నీడ అంచులో మొదటి గుంపు, లోపలికి వచ్చేకొద్దీ రెండోది పోతాయి. మూడోది ఎక్కడా పోదు. ఈ మార్పుతో మేము ఊహించని మేలు జరిగింది. అంతా పోయినప్పుడు జనం దాన్ని డిజైన్ అనుకుని చూసి వదిలేసేవాళ్ళు. సగం మిగిలేసరికి చదవడానికి ప్రయత్నించడం మొదలుపెట్టారు. కనుబొమలు ముడిపడేవి, పెదాలు కదిలేవి. సరిగ్గా వినపడనివాళ్ళు చేసే పని అదే.

వాక్యాల దగ్గర మాత్రం పెద్ద వాదనే జరిగింది. ఏజెన్సీ పంపిన మొదటి జాబితా నిండా ప్రాసలూ చమత్కారాలే. నాకు ఇంట్లో వినిపించే మాటలు కావాలి. "సాయంత్రం తొందరగా వచ్చెయ్." "పిల్లకి ఫీజు కట్టావా?" "ఇసుక చెప్పాను, ఇటుక కాదు." "తాతా, ఇటు చూడు." చివరికి కాపీరైటర్ ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని, నలుగురూ మాట్లాడుకుంటుంటే విని రాసుకొచ్చాడు. అందులోంచి 24 వాక్యాలు తీసుకున్నాం. ప్రతిదాన్నీ మేడమ్ ముందు పెట్టి ఏ హల్లు ఏ గుంపులోకి వస్తుందో గుర్తు పెట్టించుకున్నాం. ఈ పనికి వారం పట్టింది. ప్రాజెక్టు మొత్తంలో నేను బాగా వాడుకున్న వారం అదే.

చుక్కల వలయం

ఇక్కడి నుంచి లిపి గొడవ.

కంప్యూటర్ దృష్టిలో "సీ" అంటే రెండు సంకేతాలు: ముందు స, వెనకాల గుడి దీర్ఘం. కానీ తెర మీద అవి రెండూ పక్కపక్కన ఉండవు. ఫాంట్ లోపల ఉన్న నియమాల ప్రకారం తలకట్టు తీసేసి, గుడి దీర్ఘాన్ని అతికించి, చాలాసార్లు ఒకే ఆకారంగా ఇచ్చేస్తారు. ఈ పనిని షేపింగ్ అంటారు. దానికి హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ వాడాం. గ్రాఫిక్స్ టూల్స్ చాలావాటిలో తెలుగు షేపింగ్ ఇప్పటికీ సరిగ్గా ఉండదు, ఒత్తులు పక్కకు జారతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందుగా "స్త్రీ", "జ్ఞాపకం", "క్ష్మా" రాసి చూడండి. అవి సరిగ్గా వస్తే ఆ టూల్‌తో ముందుకు వెళ్ళొచ్చు.

హల్లును మాయం చేయాలంటే సంకేతాల్లోంచి దాన్ని తీసేస్తే చాలని మొదట అనుకున్నాను. తీసేశాను. గోడ నిండా చుక్కల వలయాలు వచ్చాయి. ఒంటరిగా మిగిలిన గుణింతపు గుర్తు కనిపిస్తే, ఇక్కడ ఒక అక్షరం ఉండాలి అని చెప్పడానికి షేపింగ్ ఇంజిన్ దాని కింద చుక్కలతో చేసిన ఒక సున్నా పెడుతుంది. పాడైన తెలుగు మెసేజ్‌లలో మీరు చూసే ఉంటారు. మా టైప్ డిజైనర్‌కి అది తెగ నచ్చింది. "అక్షరం పోయిన చోటు అని సాఫ్ట్‌వేరే చెప్తోంది కదా, ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు. నాకూ నచ్చింది, రెండు రోజులు ఉంచాం. తర్వాత ఈ పనితో సంబంధం లేని ఐదారుగురిని పిలిచి చూపిస్తే అందరూ ఒకే మాట అన్నారు: "ఫాంట్ పోయినట్టుంది." మనసు ఒప్పుకోకపోయినా తీసేశాం.

మిగిలిన దారి ఒకటే, అక్షరాలను చేత్తో కోయడం. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరికే మండలి ఫాంట్‌ని ఆధారంగా తీసుకుని, ఒక్కో అక్షరం ఆకారాన్నీ హల్లు ఒళ్ళు, అచ్చు గుర్తు అని రెండు ముక్కలుగా విడదీశాం. మొత్తం గుణింతాలకీ చేయాలంటే ఐదు వందలు దాటతాయి, ఒత్తులు కలిస్తే ఇంకెన్నో. 24 వాక్యాల్లో వచ్చేవి మాత్రమే చేశాం. వాక్యాలను ముందే ఖాయం చేసుకోవడం ఇక్కడ మమ్మల్ని కాపాడింది. మధ్యలో క్లయింట్ ఒక వాక్యం మార్చమని అడిగితే కొత్తగా ఏయే అక్షరాలు కోయాలో జాబితా చూపించాను. వాళ్ళు వెనక్కి తగ్గారు.

కోసేటప్పుడు కొన్ని చోట్ల చెయ్యి ఆగిపోయేది. "క"లోంచి హల్లు తీస్తే తలకట్టు మిగులుతుంది, అది అకారం గుర్తు కాబట్టి సరే. మరి తలకట్టు లేని ట సంగతి? హల్లు పోయాక "అ" మిగలాలి, కానీ మిగలడానికి అక్కడ గుర్తే లేదు. లేని తలకట్టు గీద్దామని నేను, అది లిపికి ద్రోహమని డిజైనర్. చివరికి గీశాం, హల్లు కరుగుతున్నప్పుడే అది నెమ్మదిగా పుట్టేలా. ఐత్వానికి ఇంకో చిక్కు. దాని గుర్తులో సగం అక్షరం పైన, సగం కింద ఉంటుంది. హల్లు పోయాక ఆ రెండు ముక్కలూ ఒకే అచ్చు అని కంటికి తెలియదు. వాటిని కాస్త దగ్గరికి జరిపాం.

ఇంత చేశాక గోడ మీద వేసి చూస్తే సన్నగీతలు విరిగిపోయాయి. మా ఎల్‌ఈడీ ప్యానెళ్ళలో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 2.6 మిల్లీమీటర్లు. అరమీటరు చదరపు ప్యానెల్‌కి 192 చుక్కలు, మొత్తం గోడకి 2304 అడ్డం, 960 నిలువు. ఇరవై సెంటీమీటర్ల అక్షరం ఒంటికి 77 చుక్కలే దక్కుతాయి. గుడి, కొమ్ముల గీతలకు మూడో నాలుగో. ఆ గీతలన్నీ రెట్టింపు లావు చేశాం. తెలుగుకు పైన గుడికీ కింద ఒత్తుకీ చోటు కావాలి కాబట్టి వరసలు ఏడు నుంచి నాలుగుకి తగ్గాయి. తగ్గాకే గోడకు ఊపిరి ఆడింది.

నీడ ఎంత త్వరగా పడాలి

మనుషులను పట్టుకోవడానికి మూడు డెప్త్ కెమెరాలు పెట్టాం. మైక్రోసాఫ్ట్ 2023లో అజూర్ కినెక్ట్ తయారీ ఆపేశాక, అదే పద్ధతిలో పనిచేసే ఆర్బెక్ ఫెమ్టో బోల్ట్ వచ్చింది, దాన్నే వాడాం. ఇవి కంటికి కనిపించని పరారుణ కాంతిని వదిలి, అది తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం లెక్కకడతాయి. ఒకదాని కాంతి ఇంకోదానికి తగలకుండా సింక్ కేబుల్‌తో కలిపి, ఒక్కోటి సెకనులో అతి చిన్న భాగం తేడాతో వెలిగేలా పెట్టాలి. ఇది మర్చిపోతే చిత్రం వణుకుతుంది.

ఈ కెమెరాలతో వాడే బాడీ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ మనిషి శరీరంలో 32 బిందువులను గుర్తిస్తుంది, మణికట్టు, చెవులు సహా. మొదట నీడను కూడా దాని నుంచే గీశాను. అది పెద్ద తప్పు. ఆ లెక్క బరువైనది, నీడ మనిషి వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, చెయ్యి ఊపి, చెయ్యి కదిలిన ఫ్రేముకీ గోడ మీద నీడ కదిలిన ఫ్రేముకీ మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాం. ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. ఈ పనికి ఇంతకంటే చవకైన, నమ్మకమైన కొలత నాకు తెలియదు. మనిషి చేసిన పనికి యంత్రం జవాబు సెకనులో పదో వంతు దాటితే ఆ రెంటికీ సంబంధం తెగినట్టు అనిపిస్తుందని ఐబీఎం పరిశోధకుడు రాబర్ట్ మిల్లర్ 1968లోనే రాశారు. మా నీడ ఆలస్యం దానికంటే చాలా ఎక్కువ ఉంది.

రెండు పనులనూ విడదీశాక దారిలో పడింది. నీడ నేరుగా డెప్త్ చిత్రం నుంచి, ఏ లెక్కా లేకుండా వస్తుంది. బాడీ ట్రాకింగ్ పక్కన తన వేగంతో తాను నడుస్తుంది, చెవి దగ్గర చెయ్యి ఉందా లేదా అన్నది మాత్రం చెప్తుంది. హల్లులు తిరిగి రావడం కాస్త ఆలస్యమైనా ఎవరికీ ఇబ్బంది లేదు, నిజానికి ఆ ఆలస్యమే బాగుంది. నీడ మాత్రం అప్పటికప్పుడే పడాలి.

2012లో యోర్గ్ ముల్లర్ బృందం ల్యాబ్‌లోనూ, దుకాణపు అద్దాల్లో తెరలు పెట్టీ చేసిన ఒక పరిశీలన మాకు బాగా పనికొచ్చింది. తెర తమకు స్పందిస్తోందని గమనించడానికి మనుషులకు దాదాపు 1.2 సెకన్లు పడుతుందని, చాలామంది దాటిపోయాక వెనక్కి నడిచి వస్తారని అందులో తేలింది. పిలుపు సందేశం చూపించడం కంటే వాళ్ళ నీడను వెంటనే చూపిస్తే 47 శాతం ఎక్కువమంది ఆడారు. మామూలు నడక సెకనుకు 1.4 మీటర్లు అనుకుంటే, గమనించేసరికి మనిషి మీటరున్నర దాటేస్తాడు, ఆరు మీటర్ల గోడ నాలుగు సెకన్లలో అయిపోతుంది. అందుకే పక్క కెమెరాలను బయటికి తిప్పి, మనిషి గోడ దగ్గరికి రాకముందే అంచులో నీడ మొదలయ్యేలా చేశాం. "ఇక్కడ నిలబడండి" అన్న బోర్డు కావాలని క్లయింట్ అడిగారు, పెట్టలేదు.

చెయ్యి, ఫోను

హల్లులు తిరిగి రావడానికి మేము మొదట అనుకున్నది వేరే. ఇద్దరు మనుషుల నీడలు తాకితే అక్షరాలు తిరిగి వస్తాయి. ఇంట్లోవాళ్ళు తోడుంటే అన్న అర్థం. కాగితం మీద అందరి కళ్ళూ చెమర్చాయి. హాల్లో పరీక్షిస్తే ఎవరూ తెలియనివాళ్ళను తాకలేదు, ఒంటరిగా వచ్చినవాళ్ళకు చేయడానికేమీ లేదు. ఒక సాయంత్రంతో అది ముగిసింది.

చెవి వెనక చెయ్యి పెట్టడం అన్నది ఎవరూ నేర్పక్కర్లేని కదలిక. మాట అందకపోతే మన చెయ్యి దానంతటదే లేస్తుంది. అరచెయ్యి శబ్దాన్ని కొంత పోగుచేసి ఇస్తుంది కూడా, కాబట్టి అది ఉత్త సంజ్ఞ కాదు. మణికట్టుకీ చెవికీ మధ్య దూరం ఒక హద్దు లోపల కాసేపు ఉంటే హల్లులు మేలుకుంటాయి.

రిహార్సల్‌లో ఎల్‌ఈడీ ప్యానెళ్ళు బిగించే కుర్రాడు అరిచాడు: "అన్నా, నాకు తల రావట్లేదు!" నిజమే, భుజాల దాకానే నీడ. నల్లటి జుట్టు పరారుణ కాంతిని చాలావరకు పీల్చేసుకుంటుంది, కెమెరాకి ఏమీ తిరిగి రాదు. మన దగ్గర ఎక్కువమందికి ఈ సమస్య వస్తుంది. బాడీ ట్రాకింగ్ తల ఎక్కడుందో అంచనా వేయగలుగుతోంది కాబట్టి, డెప్త్ లేనిచోట ఆ బిందువు చుట్టూ తల ఆకారం మేమే నింపాం.

ఇంకో సంగతి మొదటి రోజు ఉదయమే బయటపడింది. ఫోన్ మాట్లాడుతూ నడిచేవాళ్ళ చెయ్యి కూడా చెవి దగ్గరే ఉంటుంది! వాళ్ళ నీడలో హల్లులు వస్తూ పోతూ ఉన్నాయి. ఇది తప్పు, సరిచేయాలని నేను లాప్‌టాప్ తెరిచాను. కాపీరైటర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫోన్లో ఉన్న ఒకాయన, తన ఒంటి మీద మాటలు బతకడం చూసి ఆగాడు. ఫోను దించాడు, మాటలు పోయాయి. మళ్ళీ పెట్టాడు, వచ్చాయి. వెనక నలుగురు నిలబడ్డారు. ఒకరు ఆడుతుంటే మిగతావాళ్ళు పోగవడం ఈ రంగంలో అందరికీ తెలిసిందే, ఆ మొదటి మనిషి దొరకడమే కష్టం. మాకు ఫోన్లు రోజంతా ఆ మొదటి మనిషిని ఇస్తూనే ఉన్నాయి. ఆ లెక్కను ముట్టుకోలేదు.

ఎంత తిరిగి రావాలి

ప్రారంభానికి మూడు రోజుల ముందు క్లయింట్ మార్కెటింగ్ వైపు నుంచి ఒక మెయిల్ వచ్చింది. చెయ్యి పెట్టగానే వాక్యం మొత్తం మెరుస్తూ తిరిగి రావాలి, ఇప్పుడున్నట్టు సగం సగం వద్దు అని. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. డబ్బు పెట్టేవాళ్ళు పరిష్కారం కళ్ళకు కట్టాలని కోరుకుంటారు.

మేడమ్ ఒప్పుకోలేదు. "చెవి మిషన్ పెట్టుకున్న రోజే అంతా పాతికేళ్ళప్పుడు వినిపించినట్టు వినిపిస్తుందనుకుంటారు. అలా ఉండదు. మెదడు అలవాటు పడాలి, కొన్ని వారాలు పడుతుంది. ఆశపడి, కొని, పది రోజులకు డ్రాయర్‌లో పడేస్తారు. ఈ గోడ కూడా అదే ఆశ పెడితే నేను దీనికి సలహాదారుగా ఉండలేను." ఇది ఆవిడ తన సొంత సంస్థ వాళ్ళతో అన్న మాట. నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఆ రోజు చాలా టెన్షన్ పడ్డాను, ప్రాజెక్టు ఆగిపోతుందేమో అనుకున్నాను.

దారి డిజైనర్ చూపించాడు. తిరిగి వచ్చే హల్లులు ముందు కాస్త పలచగా, వణుకుతూ వస్తాయి. చెయ్యి అలాగే ఉంచితే నెమ్మదిగా నిలదొక్కుకుంటాయి. స, శ మాత్రం చివరిదాకా పూర్తి నలుపుకు రావు. అయినా వాక్యం అర్థమవుతుంది. అర్థం కావడాన్ని క్లయింట్ చూశారు, అతి చేయకపోవడాన్ని మేడమ్ చూశారు. ఇద్దరూ సంతకం పెట్టారు. మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఈ వణుకు.

ఎండ

మూడో రోజు సాయంత్రం నీడల నిండా రంధ్రాలు పడ్డాయి. పైకప్పు అద్దాల్లోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఎండలో పరారుణ కాంతి బోలెడు ఉంటుంది, దాని ముందు మా కెమెరా వెలుగు ఏపాటిది? మేము అన్ని పరీక్షలూ రాత్రిపూట, జనం లేనప్పుడు చేసుకున్నాం. స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు రోజంతా అక్కడే కూర్చోవాల్సింది, కూర్చోలేదు. ఆ తప్పు నాది.

అద్దాలకు ఫిల్మ్ అంటించడానికి అనుమతి రాలేదు. సాఫ్ట్‌వేర్‌తో గంటసేపు కుస్తీ పట్టాక, నేల మీద నడక దారిగా వేసిన రంగు పట్టీని గోడకు ఒక మీటరు దగ్గరికి జరిపి అంటించాం. జనం పట్టీ వెంట నడిచారు. అక్కడ గోడ నీడ ఉంది, పైగా దూరం తగ్గేకొద్దీ తిరిగి వచ్చే కాంతి బాగా పెరుగుతుంది. రంధ్రాలు పూడాయి.

క్యూఆర్ కోడ్ గోడ మధ్యలో పెట్టాం, ఆటలో ఉన్నవాళ్ళు దాన్ని చూడనే లేదు. రెండో రోజు గోడ దాటాక వచ్చే స్తంభానికి మార్చాం. కెమెరా చిత్రాలేవీ దాచుకోలేదు, ఎన్ని నీడలు ఆగాయన్న అంకె తప్ప. ఆ సంగతి గోడ పక్కన పెద్ద అక్షరాలతో రాశాం.

సరిచేయలేక మిగిలినవీ ఉన్నాయి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళ చెయ్యిని మా ట్రాకింగ్ చాలాసార్లు పట్టుకోలేదు. చిన్నపిల్లల నీడ కింది వరస దాటేది కాదు, వాళ్ళకు ఒక్క వాక్యమే దక్కేది. రెంటికీ కెమెరాలను ఇంకా కిందికి, వేరే కోణంలో పెట్టాలి. ఎనిమిదో రోజు ఒక పెద్దాయన, చెవికి మిషన్ ఉంది, చాలాసేపు నిలబడి చూశారు. వెళ్తూ నన్ను పిలిచి, "బాబూ, స రాకపోవడం కరెక్టే. కానీ జనంలో ఉన్నప్పుడు మిగతావి కూడా ఇంత బాగా రావు" అన్నారు. చుట్టూ గోల ఉంటే మాట పట్టుకోవడం ఎంత కష్టమో మేము చూపించనే లేదు. గోడ ముందు మనుషులు పెరిగేకొద్దీ ఇంకొన్ని హల్లులు పోవాలి. అంత తేలిక మార్పు మాకెందుకు తట్టలేదో ఆ రాత్రంతా ఆలోచించాను.

అది రెండో విడతలో ఉంటుంది. తీవ్రమైన లోపం కూడా చూపించమని మేడమ్ అడిగారు, అంటే చివరి దాకా నిలిచే మూడో గుంపు హల్లులను కూడా కోయాలి. ఈ వారం "మ"తో మొదలుపెట్టాం, అక్కడే ఆగిపోయాం. "మ"కు కొమ్ము లాంటి తోక ఉంది. అది హల్లు ఒంట్లో భాగం, ఉకారం కాదు. దాన్ని కోసి తీసేస్తే మిగిలింది "వ"లా కనిపిస్తోంది, ఉంచితే "ఉ" మిగిలినట్టు ఉంది. "య"దీ అదే కథ. డిజైనర్ పదకొండు రకాలుగా గీసి గోడకు అంటించాడు, ఇంకా తేల్చుకోలేదు.